ఎర్త్ పట్టీ ఎవరి పని?

బండి చెడితే ‘షెడ్డుకెళ్లింది’ అంటాం. ఫ్యాను ఆగినా, ఇంట్లో పెద్దాయనకు మోకాళ్లు పట్టేసినా అదే మాట, కాస్త హాస్యంగా. మెకానిక్ ఉండే చోటుకు గ్యారేజీ, వర్క్‌షాపు వంటి పేర్లున్నా సికింద్రాబాద్‌లో నోటికి ముందు వచ్చేది షెడ్డే. పైన రేకులుంటాయి కనుక షెడ్డు అన్నారని సరిపెట్టుకోవచ్చు. అయితే ఈ ఊళ్లో రేకుల కింద బండ్లను విప్పి బిగించే పని మోటారు కార్లకంటే ముందే రైలింజన్లతో మొదలైంది. లోకో షెడ్డు లేని ఊళ్లో ఆ మాట ఇంత లోతుగా పాతుకునేదా అని నాకు అనుమానం. మాట సంగతి ఎలా ఉన్నా, పని సంగతి మాత్రం అక్కడి నుంచే చూడాలి. పదేళ్లు, పన్నెండేళ్లు దాటిన ఒక డస్టరో, ఎకోస్పోర్టో ఇవాళ మీటరు మీద నాలుగు హెచ్చరిక లైట్లు వెలిగించుకుని షెడ్డుకొస్తే దాని రోగం పట్టడానికి రోజులు పడుతోంది. ‘ఇప్పటి కార్లన్నీ కంప్యూటర్లయిపోయాయి, మెకానిక్‌ల వల్ల ఏమవుతుంది’ అని అందరూ అంటారు. అది సగమే నిజం. మిగతా సగం ఆ కారు పనిని ఈ ఊరు ఎలా పంచుకుంది అన్నదాంట్లో ఉంది. ఇంజిను పని ఒకరిది, కరెంటు పని ఇంకొకరిది అనే గీత ఇక్కడ తరాల తరబడి గట్టిపడింది. ఆ గీత గీసిన పెద్ద కార్ఖానాల్లో దాన్ని దాటి చూసే మనిషి కూడా ఒకడుండేవాడు. పని రోడ్డు పక్కకు వచ్చినప్పుడు గీత వచ్చింది, ఆ మనిషి రాలేదు. నా వాదనంతా ఇంతే.

సికింద్రాబాద్ పుట్టిందే దండు కోసం. 1798 సైన్య సహకార ఒప్పందం తర్వాత హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన ఈస్టిండియా కంపెనీ పటాలాలు దిగాయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు ఆ దండు ఊరికి పెట్టారు. కంటోన్మెంటు పక్కన ఇప్పటికీ ఒక పేటను కార్ఖానా అనే పిలుస్తారు. 1874లో వాడి జంక్షన్ నుంచి రైలు వచ్చింది. 1893లో లాలాగూడలో నిజాం రైల్వేకు వర్క్‌షాపు వెలిసింది. ఆవిరి యంత్రాల వర్క్‌షాపు నడిచే తీరు ఏ ఊళ్లోనైనా ఒకటే. ఫిట్టరు, టర్నరు, మౌల్డరు, కమ్మరి, బాయిలరు పనివాడు, వడ్రంగి, పెయింటరు, ఎవరి బెంచి వారిది, ఎవరి మేస్త్రీ వారికి. రైలింజను లోపలికి వస్తే అది ముక్కలై ఒక్కో ముక్క ఒక్కో బెంచికి పోతుంది. ముక్కలన్నీ తిరిగి ఒక్కటయ్యే చోట మాత్రం ఫోర్‌మన్ ఉంటాడు. ఇంజను బయటికి పోయి మళ్లీ మొరాయిస్తే జవాబు చెప్పాల్సింది టర్నరు కాదు, ఆయనే. 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టి 27 బస్సులు, 166 మంది సిబ్బందితో బయల్దేరినప్పుడు ఈ పద్ధతే చక్రాలు మార్చుకుని రోడ్డెక్కింది. ఆ బస్సులు స్కాట్లండ్‌లో తయారైన ఆల్బియన్‌లు. వాటిని నడిపింది, బాగుచేసింది రైల్వే వాళ్లే. ప్రభుత్వమే బస్సులు నడపడమన్నది దేశంలో అప్పటికి కొత్త. కాబట్టి ఈ ప్రాంతంలో మోటారు మరమ్మతు వ్యవస్థగా ఎదిగిన దారుల్లో పెద్దది రైల్వే దారి. ధనవంతుల కార్ల వెంట వచ్చింది తక్కువ. నిజాం కోసం 1912 నాటి రోల్స్‌రాయిస్ ఒకటి వచ్చింది నిజమే. అది ఇప్పుడు చౌమహల్లాలో ఉంది. కానీ తిరిగింది బహు తక్కువ. తిరగని కారు ఏ మెకానిక్‌కూ పాఠం చెప్పదు.

రెండో ప్రపంచ యుద్ధం ఆ పద్ధతికి రెండో అంతస్తు కట్టింది. 1942లో సికింద్రాబాద్ వర్తకులైన అల్లాదీన్ కుటుంబం, నిజాం ప్రభుత్వం కలిసి సనత్‌నగర్‌లో ఆల్విన్ పెట్టారు. బీరువాలు, ఫ్రిజ్‌లు తర్వాత సంగతి, బస్సు బాడీలు కట్టడంలో అది పేరు తెచ్చుకుంది. 1943లో కవాడిగూడలో ప్రాగా టూల్స్ వచ్చింది. అదే 1943లో సైన్యంలో యంత్రాల మరమ్మతుకే ప్రత్యేకంగా ఒక దళం ఏర్పడింది. దాన్నే ఈఎంఈ అంటాం. ఎలక్ట్రికల్, మెకానికల్ రెండూ పేరులోనే పక్కపక్కన ఉన్న దళం అది. దాని శిక్షణ కేంద్రం, తిరుమలగిరిలో దాని కళాశాల ఇప్పటికీ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. పేరులో రెండూ కలిసి ఉన్నా లోపల వాహన మెకానిక్ వేరు, ఎలక్ట్రీషియన్ వేరు. 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడ్డాక డిపోల్లో కూడా ఇదే. ఇవాళ్టికీ ఆర్టీసీలో శ్రామిక్ ఉద్యోగాల ప్రకటన చదివితే మెకానిక్, ఎలక్ట్రీషియన్, షీట్ మెటల్, వెల్డర్, పెయింటర్ అని వరసగా ఉంటాయి. సీట్లు కుట్టే కటింగ్ టైలర్ కూడా ఉంటాడు. లాలాగూడ బెంచీల వంశవృక్షం ఆ ప్రకటనలో దాదాపు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. ఐటీఐలలో మోటారు వెహికల్ మెకానిక్ ఒక ట్రేడు, ఎలక్ట్రీషియన్ మరో ట్రేడు. ఇదంతా తప్పని నేననడం లేదు. వందల బండ్లు ఒకే కప్పు కింద ఉన్నప్పుడు ఒక్కొక్కరు ఒక్కో పనిలో ఆరితేరడమే లాభం. డిపోలో జాబ్‌కార్డు ఉంటుంది, ఏ బస్సుకు ఎప్పుడు ఏం చేశారో రాసి ఉంటుంది, మెకానిక్‌నీ ఎలక్ట్రీషియన్‌నీ ఒకే బండి ముందు నిలబెట్టి ‘మీ ఇద్దరిలో ఎవరిదో తేల్చండి’ అనే సూపర్‌వైజరు ఉంటాడు. విభజనకు విరుగుడు అదే కప్పు కింద ఉండేది.

పని రోడ్డు మీదికి వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడాలంటే టాంక్‌బండ్ దిగి రాణిగంజ్ వైపు నడవాలి. బేరింగులు ఒక కొట్టు, నట్లూ బోల్టులూ ఇంకో కొట్టు, గాస్కెట్లు మరొకటి, పంపులు, మోటార్లు, బెల్టులు, మోటారు స్పేర్లు. ఒక్కో కొట్టుకు ఒక్కో సరుకు. షెడ్లూ అంతే. ఇంజిను మెకానిక్ ఒకచోట, ఆటో ఎలక్ట్రీషియన్ ఒకచోట, రేడియేటరు వాడు, లేత్ వాడు, డీజిల్ పంపు వాడు, టింకరు, పెయింటరు, కుషన్ వాడు, బ్యాటరీ వాడు తలోచోట. లాలాగూడ వర్క్‌షాపు గోడలు పడగొట్టి బెంచీలను బజారంతా పరిచినట్టు ఉంటుంది. పడగొట్టినప్పుడు పోయింది ఒక్క ఫోర్‌మన్ గదే. ఆ పని ఎవరి మీద పడింది? కారు ఓనరు మీద పడింది. మెకానిక్ దగ్గరికి పోతే ‘ఇది కరెంటు పని సార్, మాది కాదు’ అంటాడు. ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోతే ‘వైరింగ్ బాగానే ఉందన్నా, ఇంజిన్‌లోనే ఏదో ఉంది’ అంటాడు. ఇద్దరూ అబద్ధమాడరు. ఎవరి హద్దు లోపల వారు నిజమే చెబుతున్నారు. అంబాసిడర్, ఫియట్ రోజుల్లో ఈ పద్ధతికి పెద్ద ఖరీదు చెల్లించాల్సి రాలేదు. ఆ కార్లలో కరెంటు పని అంటే లెక్కపెట్టగలిగినంతే. ఛార్జింగుకు డైనమో, కటౌటు, స్టార్టుకు సెల్ఫ్, ఇగ్నిషన్‌కు కాయిల్, డిస్ట్రిబ్యూటరు, పాయింట్లు, కండెన్సరు, తర్వాత దీపాలు, హారను, వైపరు. పాయింట్ల మధ్య ఖాళీని ఫీలర్ గేజీతో చూసి సరిచేయడం మెకానిక్‌కూ వచ్చు, ఎలక్ట్రీషియన్‌కూ వచ్చు. అక్కడ హద్దు పలచన. నాటి బ్రిటిష్ కార్లు చాలావాటిలో బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి ఎర్త్ అయ్యేది, యుద్ధం నాటి అమెరికన్ జీపుల్లో నెగటివ్ ఎర్త్, అదీ ఆరు వోల్టులు. ఇలాంటి తేడాలు గుర్తుంచుకుంటే చాలు, ఎలక్ట్రీషియన్ చదువు చాలామటుకు పూర్తయినట్టే. ఇంకో సంగతి, కారుతో వచ్చిన హ్యాండ్‌బుక్కులోనే వైరింగ్ పటం అచ్చేసి ఉండేది. ఏ రంగు తీగ ఎక్కణ్నుంచి ఎక్కడికో ఓనరుకూ తెలిసే వీలుండేది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి, వస్తుంది కూడా. పాత కార్లను ఇలా పొగడటం ముసలితనపు లక్షణం. ఆ కార్లు ఎండాకాలం ఘాట్ రోడ్డు ఎక్కలేక రేడియేటరు పొంగించుకునేవి, వానాకాలం డిస్ట్రిబ్యూటరు తడిసి ఆగేవి, ఎన్నో వేల కిలోమీటర్లు తిరక్కుండానే హెడ్డు ఎత్తాల్సి వచ్చేది, ఇంజిను దించి బోరు కొట్టించాల్సి వచ్చేది. ఒప్పుకుంటాను. ఇవాళ్టి సాదా కారు కూడా వాటికంటే ఎన్నో రెట్లు నమ్మకమైనది. నా మాట ఆ కార్లు గొప్పవని కాదు, వాటి చెడిపోయే తీరు ఈ బజారు నిర్మాణానికి సరిపోయిందని. రోగం ఏ అవయవానిదో బయటికే కనిపించేది, ఆ అవయవపు వైద్యుడు రెండు వీధుల అవతల ఉండేవాడు. పైగా 1950ల చివరి నుంచి 2014 దాకా అంబాసిడర్ అంబాసిడర్‌గానే మిగిలింది. ఒక షాగిర్ద్ ఉస్తాద్ దగ్గర చేరి నేర్చుకున్న పని అతను ఉస్తాద్ అయి ముసలివాడయ్యేదాకా పనికొచ్చింది. దిగుమతులకు తలుపులు మూసిన ఆర్థిక వ్యవస్థ తెలియకుండానే మెకానిక్‌కు ఇచ్చిన కానుక అది.

1983 డిసెంబరులో మారుతి 800 రావడంతోనే ఆ లోకం ముగిసిందని చాలామంది రాస్తారు. నా లెక్కలో అది ముగిసింది 2000 తర్వాత. మారుతికి కూడా మొదట కార్బ్యురేటరే. 2000లో యూరో ప్రమాణాలు దేశమంతటా వచ్చాక కార్బ్యురేటరు పోయి ఇంజెక్షను వచ్చింది. డీజిల్ బండ్లలో పాత పంపు స్థానంలో కామన్‌రైల్ వచ్చింది. 2010 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 4 ముందుగా అమలైన 13 నగరాల్లో హైదరాబాద్‌తో పాటు సికింద్రాబాద్ కూడా ఉంది. దాంతో పాటు కారే తన లోపాన్ని కోడు రూపంలో రాసిపెట్టుకునే ఓబీడీ తప్పనిసరి అయింది, 2013లో దాని రెండో మెట్టు వచ్చింది. కార్లలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ అనే పద్ధతిని జర్మనీలో బాష్ 1986లోనే బయటపెట్టింది. అది మన మధ్యతరగతి కారు దాకా రావడానికి పాతికేళ్లు పట్టింది. ఈ మార్పులన్నిటిలో మెకానిక్ చచ్చిపోతాడని ప్రతిసారీ అన్నారు. చావలేదు. కార్బ్యురేటరు విప్పిన చేతులే ఇంజెక్టర్లు విప్పడం నేర్చుకున్నాయి. డైనమో చుట్టినవాళ్లే ఆల్టర్నేటరు డయోడ్లు మార్చారు. కానీ ఒక చిన్న పొరపాటు నిశ్శబ్దంగా జరిగిపోయింది. సెన్సర్లు, కంట్రోలు పెట్టెలు ఎవరి కిందికి రావాలో ఎవరూ కూర్చుని తేల్చలేదు. వాటికి తీగలున్నాయి గనుక అవి ఎలక్ట్రీషియన్ వాటాకు పడ్డాయి. అవి చూసేది మాత్రం గాలి, నూనె, వేడి, పీడనం, చక్రం తిరిగే వేగం, అంటే నూటికి నూరుపాళ్లూ మెకానిక్ సంగతులు.

2012 జులైలో రెనో డస్టర్, 2013 జూన్‌లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2015 జులైలో హ్యుందాయ్ క్రెటా వచ్చాయి. వీటిని జనం ఎస్‌యూవీ అన్నా, పనితనం ఎరిగినవాళ్లు క్రాసోవర్ అంటారు. సుమో, బొలేరోల్లాగా నిచ్చెన లాంటి ఛాసిస్ మీద బాడీని పెట్టినవి కావు. చిన్న కారు పునాదినే ఎత్తు పెంచి, ఒళ్లు పెంచి కట్టినవి. ఇంటిల్లిపాదీ ఎక్కే ఈ బండ్లు ఇప్పుడు సరిగ్గా ముసలితనంలోకి అడుగుపెడుతున్నాయి. వీటి రోగాలు ఎక్కువగా ఆ గీత మీదే పుడతాయి. ఒక ఉదాహరణ తీసుకుందాం. చక్రం బేరింగు మోత పెడుతోంది, మార్పించారు. మోత పోయింది, ఏబీఎస్ లైటు వెలిగింది. ఎలక్ట్రీషియన్ సెన్సరు మార్చాడు, లైటు పోలేదు. తీగ మార్చాడు, పోలేదు. కొత్త తరం బేరింగుల్లో ఒక వైపు సీలులోనే అయస్కాంతపు గుర్తులు పొదిగి ఉంటాయి. సెన్సరు చదివేది వాటిని. బేరింగును తిరగేసి నొక్కితే చక్రం బ్రహ్మాండంగా తిరుగుతుంది, సెన్సరుకు మాత్రం చక్రం ఆగే ఉంటుంది. మెకానిక్ దృష్టిలో అతని పనిలో లోపమే లేదు. ఎలక్ట్రీషియన్ దృష్టిలోనూ అంతే. రెండోది ఇంకా మామూలైనది. ఇంజిను, గేరుబాక్సు రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటాయి. రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకని అల్లిన రాగి పట్టీ ఒకటి గేరుబాక్సు నుంచి బాడీకి బిగించి ఉంటుంది. అదే ఎర్త్. క్లచ్చి మార్చాలంటే గేరుబాక్సు దించాలి, దించాలంటే పట్టీ విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు మరిచిపోతే, లేదా తుప్పు మీదే బిగిస్తే? సెల్ఫ్ కొట్టినప్పుడు వంద ఆంపియర్లకు పైగా కరెంటు తిరుగుదారి వెతుక్కుంటుంది. అంబాసిడర్ కాలంలోనైతే అది చోక్ వైరు మీదుగానో యాక్సిలరేటరు కేబులు మీదుగానో పోయేది, కేబులు వేడెక్కి పొగ వచ్చేది, పొగ చూసి రోగం చెప్పేవాళ్లు. ఇప్పుడు పొగ రాదు. సెన్సర్లలో చాలావాటికి అందేది 5 వోల్టులే. ఎర్త్ దగ్గర అర వోల్టు తేడా వస్తే కొలతలో పదోవంతు అబద్ధమైపోయినట్టు. స్కానరు పెడితే ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు కోడ్లు వస్తాయి. నాలుగు సెన్సర్లు మార్చినా రోగం అక్కడే ఉంటుంది. మల్టీమీటరు తీసుకుని, సెల్ఫ్ కొట్టిస్తూ, బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిను బ్లాకుకూ మధ్య ఎంత వోల్టు పడుతోందో చూస్తే ఐదు నిమిషాల్లో తేలే విషయం ఇది. ఆ ఐదు నిమిషాలు ఎవరి పని అన్నదే ప్రశ్న. నీరసించిన బ్యాటరీ కథా ఇంతే. స్టార్టింగప్పుడు వోల్టేజీ మరీ పడిపోతే కంట్రోలు పెట్టెలు తికమకపడి లైట్లు వెలిగిస్తాయి. బ్యాటరీలు కూడా మూత తీసి డిస్టిల్డ్ వాటర్ పోసే రోజులు దాటి, 2000లో మన తిరుపతి దగ్గరి అమరాన్ వంటివి వచ్చాక, ఎవరూ చూడని పెట్టెలైపోయాయి.

దీనికి ఊరి వాతావరణం తన వంతు చేసింది. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఎన్నో కార్లు మునిగాయి. మునిగిన ఇంజినుకు ఆయిలు మార్చి, ఎయిర్ ఫిల్టరు మార్చి బతికించవచ్చు. కార్పెట్ కింద పరిచిన తీగల కట్టలోని ఒక్కో కనెక్టరులో చేరిన నీళ్లు మాత్రం నెమ్మదిగా పనిచేస్తాయి. కొన్ని నెలలకు పచ్చటి చిలుము పడుతుంది, అదీ వాన రోజుల్లో మాత్రమే ఇబ్బంది పెడుతుంది, షెడ్డుకు తీసుకెళ్లిన రోజు ఎండ కాస్తుంది. ఎలుకల సంగతి చెప్పనక్కర్లేదు, అపార్టుమెంటు సెల్లారులో కారు పెట్టేవాళ్లందరికీ తెలుసు.

రెండో అభ్యంతరం కంపెనీల వైపు నుంచి వస్తుంది. ఇలాంటి చిక్కులుంటాయనే గదా అధీకృత సర్వీసు సెంటరు ఉంది, రోడ్డు పక్క షెడ్డుకు ఎందుకు పోవాలి అంటారు. సర్వీసు సెంటర్లో ఫోర్‌మన్ ఉన్నాడన్నది నిజం, మంచి సాధనాలున్నాయన్నదీ నిజం. కానీ గంటకింతని కూలీ లెక్కగట్టే చోట ఐదు రూపాయల కనెక్టరును వెతకడం కన్నా పెట్టె మొత్తం మార్చడమే సులువు. పాతబడ్డ బండి విలువలో పెద్ద వాటాను ఒక్క కంట్రోలు పెట్టె మింగేస్తుంది. రెండోది, ఆ సాధనాలు బయటి షెడ్డుకు లేకపోవడం దైవనిర్ణయం కాదు. 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. అసలు స్పేర్లు, రోగనిర్ధారణ సాధనాలు, సాంకేతిక సమాచారం బయటి మెకానిక్‌లకు అందకుండా బజారును బిగపట్టారన్నది నేరం. కంపెనీలు అప్పీళ్లకు పోయాయి. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు ముందుగా తీసుకున్న నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి. హ్యాండ్‌బుక్కులో అచ్చేసిన వైరింగ్ పటం ఎక్కడ, తాళం వేసిన సమాచారం కోసం కమిటీలు ఎక్కడ! మూడోది, సర్వీసు సెంటరు ఎప్పటికీ ఉంటుందన్న భరోసా కూడా లేదు. షెవ్రోలే 2017తో భారత్‌లో అమ్మకాలు ఆపింది, ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ముగిస్తున్నామంది. స్పేర్లు, సర్వీసు ఇస్తూనే ఉంటామన్నారు. అయినా ఊళ్లో బోర్డులు తగ్గిన కొద్దీ ఆ కార్లు షెడ్లకే చేరతాయి. అక్కడ రాణిగంజ్ తెలివి పనికొస్తుంది. డస్టర్ డీజిల్ ఇంజిను కే9కే కుటుంబానిది. 2007లో మహీంద్రా తెచ్చిన లోగాన్‌లో ఉన్నదీ ఆ కుటుంబపు ఇంజినే, తర్వాత అదే బండి వెరిటో అయింది. 2013లో వచ్చిన నిస్సాన్ టెర్రానో డస్టరుకు కవల. ఒక పేరు మీద దొరకని వస్తువు ఇంకో పేరు మీద దొరుకుతుంది. కౌంటరు వెనక పాతికేళ్లు కూర్చున్న మనిషికి ఈ చుట్టరికాలు కంఠతా వచ్చు.

ఆ కౌంటరు మీద కూడా మచ్చ ఉంది, దాచలేం. నకిలీ స్పేర్లు ఉన్నాయి. అసలు పెట్టెలో నకిలీ సరుకు పెట్టి అమ్మేవాళ్లున్నారు. తెలిసి కొనే ఓనర్లూ ఉన్నారు. నాసిరకం ఫిల్టరు ఇంజినుకు నష్టం, నాసిరకం సెన్సరు మాత్రం రోగనిర్ధారణనే పాడుచేస్తుంది. సెన్సరు మార్చాం కదా, ఇక అది కాదనుకుని దారి తప్పుతారు. అసలు సరుకు న్యాయమైన ధరకు బహిరంగంగా దొరికితే నకిలీకి చోటు తగ్గుతుందని కమిషన్ తీర్పు అంతరార్థం. నకిలీని పూర్తిగా ఆపదు గాని తగ్గిస్తుందని నేనూ నమ్ముతాను. ఇంకా గట్టి అభ్యంతరం పొగ గురించి. డీజిల్ కారుకు నత్రజని ఆక్సైడ్ల పరిమితి భారత్ స్టేజ్ 4లో కిలోమీటరుకు 0.25 గ్రాములు, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన స్టేజ్ 6లో 0.08 గ్రాములు. అలాంటప్పుడు పాత బండిని బతికించడం ఊరి ఊపిరితిత్తులకు ద్రోహం కాదా? 2021 తుక్కు విధానం వెనక ఉన్న తర్కం ఇదే. దాన్ని కొట్టిపారేయను. కానీ ఆ 0.25 కూడా కారు సరిగ్గా పనిచేస్తున్నప్పటి లెక్క. పొగలో కొంత తిరిగి ఇంజినులోకి పంపే ఈజీఆర్ వాల్వు మసిపట్టి ఇరుక్కుపోయి, దాని మీది సెన్సరు తప్పుడు కబురు పంపుతుంటే అసలు పొగ పరిమితికి ఎంతో పైన ఉంటుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం డీజిల్ బండిని పరీక్షించేటప్పుడు చూసేది పొగ చిక్కదనాన్నే, నత్రజని ఆక్సైడ్లను కాదు. అంటే రోడ్డు మీద ఉన్నన్నాళ్లూ ఆ బండి ఎంత విషం కక్కుతుందో నిర్ణయించేది మరమ్మతు నాణ్యతే. తుక్కుకు పంపే రోజు దాకా దాన్ని సరిగ్గా బాగుచేయగలిగే మనిషి కావాలన్న వాదన పర్యావరణానికి వ్యతిరేకం కాదు.

అలాంటి మనిషి తయారవుతున్నాడా? కొంతమేరకు. ఐటీఐలలో ఆటో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ అని ఒక ట్రేడు వచ్చింది. అయినా అది మోటారు మెకానిక్ ట్రేడు పక్కన మూడో బెంచీగా వచ్చింది, రెండు బెంచీలను కలిపే వంతెనగా రాలేదు. బజారులో ఇంకో దారి మొదలైంది. కొన్ని షెడ్లలో ఉస్తాద్ పక్కన స్కానరు పట్టుకున్న కుర్రాడు కూర్చుంటున్నాడు. మంచిదే, కానీ స్కానరు కొన్నాక కోడునే రోగం అనుకునే జబ్బు పట్టుకుంది. క్రాంక్ సెన్సరు అని తెర మీద పడితే క్రాంక్ సెన్సరు మార్చేయడం. కోడు చెప్పేది ‘ఈ చోటి నుంచి కబురు రాలేదు’ అని మాత్రమే. కబురు పంపేవాడు చచ్చాడా, దారి తెగిందా, అసలు చక్రమే తిరగలేదా అన్నది చేత్తో, చెవితో, మీటరుతో తేల్చుకోవాలి. చేయీ చెవీ ఉస్తాద్‌వి, మీటరు ఎలక్ట్రీషియన్‌ది, తెర కుర్రాడిది. ముగ్గురూ ఒకే బానెట్ మీదికి వంగిన షెడ్లలో పని తొందరగా తెములుతుంది. వంగని షెడ్లలో ఓనరు ఇంకా ఫోర్‌మన్ ఉద్యోగం చేస్తూనే ఉన్నాడు, జీతం ఎదురిచ్చి. 2012లో రిజిస్టరైన మొదటి డస్టర్లకు 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. ఇంకో అయిదేళ్లు కావాలంటే ఫీజు కట్టి తనిఖీకి పోవాలి. ముందు నెలంతా షెడ్ల చుట్టూ తిరగడమే. మెకానిక్ రాసిచ్చిన చీటీలో మౌంట్లు, బుష్‌లు, క్లచ్చి ప్లేటు ఉంటాయి. ఎలక్ట్రీషియన్ చీటీలో బ్యాటరీ, రెండు సెన్సర్లు, ఒక రిలే ఉంటాయి. గేరుబాక్సు నుంచి బాడీకి వెళ్లే ఆ జానెడు రాగి పట్టీ పేరు మాత్రం రెండు చీటీల్లోనూ ఉండదు.